భోపాలపట్నపు అశ్వారోహణము, లేక బిజిలీ వేసిన అడుగు

ఇంద్రావతీ తరంగ శీకరములచే చల్లనై, టేకువన వలయితమై, నాలుగు భాషల కలకలముతో ఏ దినమైనను సంతదినమువలెనే మ్రోగుచుండు భోపాలపట్నమను పురమున, ఫాల్గుణమాసమున, ఇప్పపూలు రాలనారంభించిన యొకానొక ఉదయమున, ఆకాశము ఏమి చేయుచుండెననగా, రెండు మబ్బులను కూడదీసికొని, కురియుదమా మానుదమా యని కొంతతడవు తర్కించి, మానెను. చెట్లక్రింద పూలేరు ఆడువారు ఒకమారు తలలెత్తి చూచి, దాని గుణము ఎరిగినవారే గనుక మరల వంగిరి.

అట్టి ఉదయమున, కిరాణావర్తక కులప్రదీపుడును, ప్రభుత్వ పాఠశాలయందు ఆంగ్లభాషా ప్రతిష్ఠాపనాచార్యుడును, హిందీలో పాఠము చెప్పి తెలుగులో కసరి దోర్ల గిరిజనుల దోర్లీలో బుజ్జగింపగల త్రిభాషా ధురంధరుడును, శబ్దార్థ సంగ్రామములందు ఏనాడును వెన్నిచ్చి యెరుగనివాడును, గుర్రమును చూచినచో మాత్రము వీథికి ఆవలి ప్రక్కనుండి నడచువాడును అగు రామ్‌ప్రసాద్ మాస్టారు, తన దుకాణము వెనుకనున్న అరుగుపై కూర్చుండి, కుడికాలిని ఎడమ మోకాటిపై నిడికొని, తన మడమను పరీక్షించుకొనుచుండెను. మడమ పగిలియుండెను. అంతకు మించిన వీరచిహ్నము దానియందేదియు కనరాలేదు.

మడమకు ఈ గౌరవము కలిగించిన కారణము ముందుటి దినమున పదవ తరగతి గదిలో పుట్టెను. పాఠ్యపుస్తకమున ఒక పురాతన ఆంగ్ల పద్యకథ కలదు. అందొక వీరుడు కవచము తొడిగి మైదానము మీదుగా గుర్రముపై పోవుచుండును. ఆ పోవుటకు కవి వాడిన క్రియ ‘ప్రిక్’. మాస్టారు కంఠము సవరించుకొని, సుద్దముక్కను ఖడ్గమువలె పైకెత్తి, ఆ క్రియకు అర్థమును ప్రకటించెను. పూర్వకాలమున రౌతులు తమ జోళ్ళ మడమలకు ఇనుప ముల్లు బిగించుకొనెడివారు. ఆ ముల్లుతో గుర్రపు డొక్కలో పొడిచి దానిని ఉరికించుటయే ఆ మాటకు మొదటి అర్థము. కాలక్రమమున పొడుచుట మరుగునపడి, గుర్రమెక్కి పోవుట మాత్రమే మిగిలెను. నేడు ఆంగ్లేయులు సైతము ఆ అర్థమున దానిని వాడుట లేదు.

“ఇంగ్లీషోళ్ళే అనకపాయె, మనకెందుకు సార్?”

ఈ బాణమును సంధించినది దుర్గ. దోర్ల రైతుబిడ్డ. కూర్చున్నచోటనుండి లేవకయే గురువును నేలకు దింపగల ప్రశ్నాస్త్రధారిణి.

“పరీక్షల వస్తది కాబట్టి.”

“ముల్లుతోటి పొడిస్తే గుర్రం ఉరుకుతదా సార్, తంతదా?”

“ఉరుకుతది.”

“మా ఎద్దును పొడిస్తే మా నాయినను తన్నింది.”

“అది ఎద్దమ్మా. ఇది గుర్రం.”

“మా దేవగుడిల మట్టిగుర్రాలు ఉన్నయి గద. దేవుడు ఊరికే కూసుంటడు, పొడవడు. అయినా ఊరంత తిరిగొస్తయంటది మా అవ్వ.” అటుపై ఆ బాలిక తల ప్రక్కకు వంచి, ఏ గురువునైనను అడుగరాని దానిని అడిగెను. “మీరు ఎన్నడన్న ఎక్కిన్రా సార్?”

ఈ సీమలో గుర్రములు మట్టితోను ఇత్తడితోను పుట్టును. తల్లికి పుట్టినవి అరుదు. కావున ఎక్కలేదని చెప్పినచో ఎవరును తప్పుపట్టియుండరు. కాని మాస్టారికి ఆ క్షణమున రోషము వచ్చెను. బట్టలకొట్టు శ్రీరంగము సేటు తన కుమారుడు సతీష్ వివాహమునకై జగదల్‌పూరునుండి ఒక ఆడుగుర్రమును తెప్పించి, ఇంటిముందు తావు చాలక బడి ఆవరణలోని చింతచెట్టుకు కట్టించియుండుటను ఆయన ఉదయమే, వీథికి ఆవలి ప్రక్కనుండి, చూచియుండెను.

“రేపు పొద్దుగాల చూపిస్త,” అనెను. సుద్దముక్క చేతిలో రెండుగా విరిగెను.

ఇక ఆ ప్రతిజ్ఞ ఆయనకంటె ముందే ఇల్లు చేరెను. మాస్టారి ధర్మపత్ని జ్ఞానప్రసూన దుకాణమున కూర్చుండి పప్పు తూచుచుండెను. ఆమె త్రాసు ఎన్నడును ఎటును మొగ్గినది కాదు. నాలుక మాత్రము భర్తవైపు కొంచెము మొగ్గి పదునుగా నుండును.

“ఏందండీ, గుర్రం ఎక్కుతరంట? ఊరంత అనుకుంటున్నరు.”

“ఊరంతనా?”

“దుర్గ ఉప్పుకోసం వచ్చిపోయింది. ఇంక ఊరికి వేరే మైకెందుకు?”

“ఎక్కుత. మడమతోటి నడిపిస్త గూడ.”

“పక్కన జీపు ఒకటి తెప్పించి పెట్టమంటరా మరి?”

ఆ మాట తగిలిన తావు ఎట్టిదో తెలియవలెనన్న వారి వివాహగాథను స్మరింపవలెను. ప్రసూన తండ్రి జగదల్‌పూరున ఉత్తరాదివారి పెండ్లిండ్లు చూచి మోజుపడి, అల్లుడు గుర్రముపై ఊరేగి రావలెనని తెల్లని అశ్వమును తెప్పించెను. నూతన వరుడు పాగా ధరించి, బాసికము కట్టుకొని, మంగళవాద్యముల నడుమ దానిని సమీపించెను. గుర్రము తుమ్మెను. వరుడు జీపెక్కెను. నాటినుండి నేటివరకు ఆ దంపతుల మధ్య ఏ కలహము రేగినను, ఎవరి పక్షమున న్యాయమున్నను, చివరిమాట ‘జీపు’ అను రెండక్షరములే. పాలు పొంగిపోయిన దినమున జీపు. ఆయన బంధువులు చెప్పకుండ వచ్చిన దినమున జీపు. గొడుగు మరచి వచ్చిన దినమున కూడ, సంబంధమేమో తెలియదు గాని, జీపు.

“ఎన్నేండ్లు అంటవు ప్రసూనా ఆ మాట?”

“మీరు ఆ గుర్రాన్ని మడమతోటి ఒక్క అడుగు నడిపించుండ్రి. ఒక్కటంటె ఒక్కటి. ఇంక నా నోట్లకెళ్ళి జీపు మాట వస్తే అడుగుండ్రి. మా నాయిన మీద ఒట్టు.”

“నడవకుంటె?”

“నడవకుంటె ఆ ఇంగ్లీషు మాటకు గుర్రమెక్కి పోయిండని చెప్పి ఊకోండ్రి. పొడుసుడు గిడుసుడు పిల్లలకు చెప్పొద్దు. ఎన్నడు చెయ్యని పని మాట మనకెందుకు?”

మొదటి షరతు ఆయన అభిమానమును తాకెను. రెండవది అంతకంటె లోతుగా దిగెను. ఏలయన మాటను సగము చెప్పుట మాస్టారికి చేతగాదు. పొడుపు తీసివేసినచో ఆ క్రియలో మిగులునది బస్సెక్కి పోవుటవంటి పోవుటయే యని ఆయన నమ్మకము. పడుకొన్న పిదప కూడ పాదములను ఒకదానితో నొకటి తాకించుచు, మెల్లగా అభ్యాసము చేసెను. ప్రసూన ఎరిగియు ఎరుగనట్లు పండుకొనెను.

తెల్లవారెను. ఆకాశము మబ్బుల విషయము తేల్చుకొనిన పిదప, మాస్టారు మడమల విషయము తేల్చుకొని, హవాయి చెప్పులు తొడిగి సమరాంగణమునకు బయలుదేరెను.

చింతచెట్టుక్రింద నిలిచియుండెను ఆ ఘోటకరత్నము. పేరు బిజిలీ. క్షీరసాగర ఫేనధవళ దేహము, జరీకుచ్చుల నుదుటిపట్టెడ, గోరింట పూసిన తోక, వేయి పెండ్లి బారాతులను చూచి వేయింటియందును విసిగిన యోగినివలె అరమూసిన కన్నులు. పేరులోని మెరుపు పేరులోనే యుండెను. దాని పోషకుడు దేవేంద్ర కళ్ళెమును మాస్టారి చేతికిచ్చి, “ఎక్కండి మాస్టర్‌జీ, బహుత్ షరీఫ్ హై, మస్తు మెత్తనిది. నేను పోహా తిని వస్త,” అని వెడలిపోయెను. గుర్రమును చూపి ఇంత నిర్లక్ష్యముగా అటుకుల పోహాకు పోగలవాడు లోకమున కలడాయని మాస్టారు విస్మయము చెందెను.

పదవ తరగతి యావత్తును గోడవెంట బారులు తీరెను. పూలబుట్టతో పోవుచున్న ముసలి ఇర్మె, ఇంతమంది ఒకేవైపు చూచుట పాముకైనను జరుగదని, బుట్ట దించి నిలిచెను. తరగతి బెంచీ నొకదానిని తెప్పించి, దానిపై నిలిచి, జీను పట్టుకొని, గురువర్యుడు లంఘించెను. ఎన్నవ లంఘనమున పైకి చేరెనో లెక్కించుట మర్యాద కాదు. చేరెను. చేరి, కన్నులు తెరచి చూడగా, లోకము వేరుగా నుండెను. బడి పైకప్పు కనబడెను. దానిపై ఎన్నడో పోయిన బంతి కనబడెను. ఆవరణ గేటునకు ఆవల, వీథి మలుపున, తన దుకాణమును, దాని గడపలో నిలిచిన ప్రసూన నీలిచీరయు కనబడెను.

ఆ చీరను చూచినంతనే కాళ్ళలో వణకు ఆగెను. లేదా కాళ్ళు ఉన్నట్లే తెలియలేదు. ఆయన వెన్ను నిటారుగా నిలిపి, గద్యపాఠము చదువు గళముతో ఇట్లు పలికెను.

“ఓ తురగోత్తమా! ఏ క్రియ లేకున్న వీరులు పాదచారులైయుందురో, ఏ పొడుపు లేకున్న మైదానములు దాటబడక పడియుండునో, ఆ క్రియకు నేడు నీ దేహము ఉదాహరణము కానున్నది. నీకు నొప్పి కలిగించుట నా యుద్దేశము కాదు. ముల్లు లేదు. మడమ మాత్రమే. కదులుము!”

అని మడమలతో తాకెను. తాకెనని ఆయనకు తెలిసెను. గుర్రమునకు తెలిసినట్లు లేదు.

మరల తాకెను. ఎడమ చెప్పు జారి నేలబడెను. బిజిలీ దానివైపు చూచి, తినదగినది కాదని గ్రహించి, ముఖము త్రిప్పుకొనెను.

“హిందీల చెప్పు మాస్టరూ,” అనెను ఇర్మె. “జగదల్‌పూర్ గుర్రానికి నీ పుస్తకం మాట ఏం తెలుస్తది?”

“చల్ బేటీ,” అనెను మాస్టారు. బేటీ చలింపలేదు. దోర్లీలో బ్రతిమాలెను. ఆంగ్లమున ఆజ్ఞాపించెను. కడకు తెలుగులో, పిల్లలకు వినబడకుండ, దాని చెవిలో ఏదియో చెప్పెను. చతుర్భాషా ప్రయోగము ముగిసిన పిదపయు ఆ మహాశ్వము దేవగుడిలోని మట్టిగుర్రమువలె నిశ్చలముగా నిలిచియుండెను. ఈగ వాలిన చోట చర్మము మాత్రము కదలెను. దానిని అడుగుగా లెక్కించుటకు వీలులేదు.

“సార్, దిగుతరా?” అని దుర్గ అడిగెను. ఎగతాళి లేదు ఆ గొంతులో. అదియే ఎక్కువ నొప్పించెను.

సరిగ్గా అప్పుడు, శ్రీరంగము సేటు ఇంటిముందు, సాయంత్రపు ఊరేగింపునకు సాధన చేయుచు బ్యాండువారు ఢమఢమయని డోళ్ళు మ్రోగించి, బాకాల నూదిరి.

బిజిలీ కన్నులు తెరచెను.

పిల్లగా నున్ననాటినుండి ఆ జీవి నేర్చిన విద్య యొక్కటే. డోలు మ్రోగినచో భూమి కదలును. ఆగినచో భూమి ఆగును. పొడుపులు, పిలుపులు, నాలుగు భాషలు దాని శాస్త్రమున లేవు. జరీకుచ్చులను విదలించి, మెడను విల్లువలె వంచి, ముందుకొక అడుగు, ప్రక్కకొక వంపు, నిలిచి ఒక తలయూపు, మరల అడుగు, ఈ విధమున పెండ్లినడకతో గేటుదాటి వీథిన బడెను. పైనున్న వీరుడు జీనును రెండుచేతుల కౌగిలించుకొని, ముఖమున మాత్రము దిగ్విజయకాంతిని వెలార్చుచు, “చూసిన్రా! నడిచింది!” అని ఎలుగెత్తెను.

“మీరు పొడవలే సార్,” అని ప్రక్కన పరుగెత్తుచు దుర్గ చెప్పెను. ఆయన చెప్పు ఆమె చేతిలో నుండెను. “బ్యాండు కొట్టిన్రు, అది నడిచింది.”

సత్యము గురువుకంటె పొడుగైనది.

అప్పటికి తరగతి సమస్తమును వెంటబడి ఆడనారంభించెను. “మాస్టర్ బారాత్! మాస్టర్ బారాత్!” అని కేకలు మిన్నంటెను. ఇర్మె బుట్టనుండి గుప్పెడు ఇప్పపూలు తీసి చల్లి, తరువాత పూలు వృథాయయ్యెనని తానే విచారించెను. ఇట్లు అకాలవరుడై, ఏకపాదుకుడై, చెమటతో తడిసినవాడై, ఆ మహనీయుడు తన దుకాణము నెదుటికి వచ్చుసరికి, బ్యాండువారికి చాయ్ వచ్చెను. డోళ్ళు ఆగెను.

భూమి ఆగెను.

బిజిలీ ఎక్కడ ఆగెననగా, వీథికి అడ్డముగా, ఒక ప్రక్క ఉల్లిగడ్డల లారీ, మరొక ప్రక్క మురుగుకాలువ, ఆ రెంటి నడుమ. వెనుకనుండి బీజాపూరు బస్సు వచ్చి, మహిషాసురునివలె రంకె పెట్టెను. డ్రైవరు మంగల్ కిటికీనుండి తల బయటపెట్టెను.

“ఏ మాస్టరూ, పెండ్లెవలిది?”

“నాది కాదు!”

“మరి దిగరాదు?”

దిగుటకు బెంచీ బడిలో నుండెను.

“ఒక్క అడుగు ముందుకు జరిపితే నా బండి సందుల పోతది,” అనెను మంగల్. “ఒక్క అడుగు. బస్సుల ఆస్పత్రికి పోయేటోళ్ళు ఉన్నరు.”

ఒక్క అడుగు! నిన్న సాయంత్రము పప్పుత్రాసు ప్రక్కన నిర్ణయమైన మాట, నేడు నడివీథిన ఆ పందెమెరుగని ముఖమునుండి వెలువడెను. మాస్టారు మడమ నొత్తెను. బిజిలీ నిలిచియుండెను. మరల నొత్తెను. హారను మ్రోగెను. బస్సు కిటికీలనిండ ముఖములు మొలిచెను. ఆయనకు తన పెండ్లినాటి ఆ తుమ్ము, ఆ జీపు, దాని వెనుకసీటున వాడిపోవుచున్న తన పూలదండ, అన్నియు ఒక్కసారి జ్ఞప్తికి వచ్చెను. ఆనాడు పందిట్లో ప్రసూన గుర్రముకొరకు వీథివైపు చూచుచుండెనని ఎవరో చెప్పిరి. ఎందరు ఎన్నిమార్లు నవ్వించినను ఆయన ఆ మాటకు మాత్రము నవ్వలేదు.

నీలిచీర గడప దిగెను.

జ్ఞానప్రసూన మెల్లగా నడచివచ్చి, గుర్రపు ముఖము నెదుట నిలిచెను. ఎడమచేత కొంగు పట్టుకొనియుండెను. కుడిచేయి ఆ కొంగుచాటున నుండెను.

“దిగుతరా?” అని తక్కువ గొంతుకతో అడిగెను.

“దిగ.”

ఆమె పెదవులు తెరచుకొనెను. ‘జీ’ అను అక్షరమునకు తగినట్లు పండ్లు కలసెను. మాస్టారు కన్నులు మూసికొని ఆ దెబ్బకు సిద్ధపడెను. దెబ్బ పడలేదు. కన్నులు తెరచి చూడగా ఆమె ఆయన ముఖమును చూచుచుండెను, చాలనాళ్ళుగా చూడనిదానిని చూచినట్లు.

“అట్ల తన్నినట్లు కాదు,” అనెను. “కాళ్ళు కిందికి పెట్టి, మెల్లగ నొక్కుండ్రి. నొక్కి పట్టుండ్రి.”

ఆయన కాళ్ళు క్రిందికి దించెను. ఒక కాలికి చెప్పుండెను, ఒక కాలికి లేకుండెను. నిద్రించువారున్న యింటి తలుపు తట్టినట్లు, రెండు మడమలతో ఆ తెల్లని డొక్కలను నొక్కిపట్టెను.

బిజిలీ ముక్కుపుటములు అదరెను. మెడ సాగెను. పెదవులు కొంగుచాటునకు పోయెను. కుడి ముంగాలు పైకిలేచెను.

ఓ వీథిజనులారా! ఉల్లిగడ్డల బస్తాలారా! బస్సు కిటికీలయందలి ముఖములారా! దుందుభులు మ్రోగకుండ, బాకాలు ఊదబడకుండ, బ్యాండువారు చాయ్ త్రాగుచుండగనే, సహస్ర వివాహ యాత్రా ధురంధరయగు ఆ బిజిలీ ఒక్క అడుగు, పూర్తిగా ఒక్క అడుగు, నాలుగు కాళ్ళతోను, ముందుకు వేసెను! లారీకిని గుర్రపుతోకకును నడుమ సందేర్పడెను! ఆ సందున మంగల్ బస్సు, గోరింటతోకను అద్దముతో తుడుచుచు, బీజాపూరు దిక్కునకు సాగిపోయెను! ఆంగ్లేయులు విడిచిన క్రియ ఇంద్రావతీతీరమున బ్రతికెను!

“నడిచింది సార్,” అనెను దుర్గ, గుర్రము ప్రక్కన నిలిచి. ఆమె చూపు మాస్టారి మడమనుండి ప్రసూనమ్మ కొంగుకును, కొంగునుండి మరల మడమకును పోయెను. ఏదో అడుగబోయి, జన్మములో మొదటిసారి అడుగక మానెను. చెప్పును ఆయన కాలికి తొడిగెను. “మొత్తం అర్థమే రాస్త పరీక్షల. పొడుసుడు గూడ.”

పోహా తిని, మూతి తుడుచుకొనుచు దేవేంద్ర వచ్చి, బెంచీ తెప్పించి, విజేతను దించెను. దిగిన పిదప మాస్టారి మోకాళ్ళు కొంతతడవు గుర్రముపైననే యున్నట్లు వంగియుండెను. బిజిలీ నాలుకతో పెదవులు నాకుకొనుచు చింతచెట్టువైపు వెడలెను.

మధ్యాహ్నము దుకాణము తలుపు దగ్గరగా వేసి, ప్రసూన వెనుక గదిలో రెండు కంచములు పెట్టెను. నిత్యము ఆయన తిని లేచిన పిదప తినునది, నేడు ఎదురుగా కూర్చుండెను. అన్నము వడ్డించెను. పప్పు వేసెను. చారు పోసెను. పిదప దుకాణమునకు పోయి వచ్చి, ఆయన కంచపు అంచున, ఎవరును అడుగని, ఏ పండుగయు కాని ఆ దినమున, ఒక బెల్లపుముక్క నుంచెను. అచ్చునుండి అప్పుడే విరిచినది. అరచేతిలో దాచుటకు సరిపోవునంతటిది.

మాస్టారు బెల్లమును చూచెను. భార్యను చూచెను. ఆమె చారును చూచుచుండెను.

ఆయన దానిని తీసి నోటవేసికొనెను. ఆమె ఆయన కంచమున ఇంకొక గరిటెడు అన్నము వేసెను. బయట బ్యాండు మరల మొదలయ్యెను. వీథిచివర ఎక్కడనో గుర్రపు డెక్కలు దరువుకు అడుగు కలిపెను. ఇద్దరును వినిరి. కలుపుకొని తినిరి.